నిద్ర చుట్టం

కాలువకి ఎగువన ఒక మేడ ఉండేది. దిగువన ఒక పేట ఉండేది. మేడలో రంగు కాచేవాళ్ళు. పేటలో నీళ్ళు తాగేవాళ్ళు.

మేడలో కాచే నీలం రంగుకి దేశాల అవతల కూడా పేరుండేది. ఎన్నిసార్లు ఉతికినా వెలిసేది కాదు. రంగు కాచాక గంగాళాల అడుగున మిగిలే మడ్డిని మేడవాళ్ళు కాలువలోకి వంపేసేవాళ్ళు. అంత గొప్ప రంగు తాలూకు మడ్డి కూడా ఎంతో కొంత గొప్పదే అయ్యుంటుందని పేట అనుకుంది. కాలువలో ఆడుకుని వచ్చిన పిల్లల పాదాలు నీలంగా మెరుస్తుంటే తల్లులు మురిసిపోయి దిష్టి తీసేవాళ్ళు.

ఆ నీళ్ళతో పాటు చుట్టాలు వచ్చేవాళ్ళు.

వచ్చేటప్పుడు చుట్టం ఆవగింజంత ఉండేవాడు. బిందెలో వచ్చేవాడు. తడిబట్టల మడతలో వచ్చేవాడు. మేడ మీంచి గాలి దిగిన రోజున కిటికీలోంచి వచ్చేవాడు. తలుపు తట్టడు, మంచినీళ్ళు అడగడు. ఏ గాదె వెనకో, ఏ పాత భోషాణం కిందో చోటు చూసుకుని అటు తిరిగి పడుకునేవాడు. ఏళ్ళ తరబడి పడుకునేవాడు. పడుకునే పెరిగేవాడు. తాత కాలంలో వచ్చినవాడు మనవడి కాలంలో లేచేవాడు. లేచాక ఒంటరిగా వెళ్ళేవాడు కాదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరికి అన్నం సహించడం మానేసేది. మనిషి చిక్కి సగమయ్యేవాడు. చివరికి ఒకరోజు చుట్టం ఆ మనిషి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటేవాడు.

కొన్ని ఇళ్ళలో మాత్రం చుట్టం ఎన్నటికీ లేచేవాడు కాదు. పేట మోసపోయింది అక్కడే. "ఈ నీళ్ళే తాగి మా తాత తొంభై ఏళ్ళు బతికాడు" అనడానికి ప్రతి వీధిలోనూ ఒకడు దొరికేవాడు.

పేటకి ఒక ఆచారం ఉంది. నిద్రపోతున్న చుట్టాన్ని లేపకూడదు. ఎడ్లబళ్ళ కాలంలో, ఎక్కడెక్కడి నుంచో అలిసి వచ్చేవాళ్ళ కోసం పెద్దలు పెట్టిన ఆచారం అది. మంచి ఆచారమే. లేపితే ఆ ఇంటి లక్ష్మి లేచిపోతుందని కూడా అన్నారు, పిల్లలు భయపడి అల్లరి మానతారని. పెద్దలు పోయారు, బళ్ళు పోయాయి, ఆచారం మిగిలింది. ఈ కొత్త చుట్టాలు ఏ బండిలో వచ్చారని ఎవరూ అడగలేదు. పడుకున్నవాడు చుట్టమే కదా అనుకున్నారు.

అందుకని చుట్టం ఉన్న మూలకి తెర కట్టేవాళ్ళు. ఇంట్లో మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. మూకుడుకి తగిలి చప్పుడవుతుందని గరిటెలకి గుడ్డ చుట్టేవాళ్ళు. పెళ్ళిళ్ళకి డప్పు మానేశారు. కోళ్ళు కూడా ఆ పేటలో కూత మర్చిపోయాయని పొరుగూరివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యంగా, తెర సంగతి పక్కింటికి తెలియనిచ్చేవాళ్ళు కాదు. చుట్టం ఉన్న ఇంటి పిల్లని ఎవరు చేసుకుంటారు? "మా ఇంట్లో ఎవరూ లేరండీ" అని ప్రతి ఇల్లూ గొంతు తగ్గించి చెప్పేది. ఆ తగ్గించిన గొంతు విని కూడా, చుట్టం తమ ఇంట్లోనే ఉన్నాడని, తమ ఖర్మే అలా కాలిందని ప్రతి ఇల్లూ నమ్మేది.

ఆ పేటలో జల్లెడలు అల్లే ఇంట పుట్టిన ఆడపిల్ల ఒకతె ఉంది. వాళ్ళ అమ్మ తెర వెనక పడుకున్న చుట్టానికి చలేస్తుందని తన బొంత కప్పేది. ఆ చుట్టం ఒక పొద్దున లేచి బొంత మడత పెట్టి, అమ్మని తీసుకుపోయాడు. కూతురు అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. కర్మకాండ కాగానే పిల్లల్ని చెరో చంకా ఎత్తుకుని, మూడు కొండలూ ఒక ఏరూ దాటి, ఊటనీళ్ళు తాగే ఒక కొండ ఊళ్ళో కాపురం పెట్టింది. పెనిమిటి పడవల మీద సరుకు వేసుకుని తిరిగే మనిషి. ఏ ఊరైనా అతనికి ఒకటే.

కొండ ఊరు ఆవిడకి జల్లెడమ్మ అని పేరు పెట్టింది. అల్లి అమ్మేది జల్లెడలని కాదు. పిండి జల్లించాక మళ్ళీ జల్లించేది. నీళ్ళు కాచి, చల్లార్చి, వడకట్టి, వడకట్టినదాన్ని వెలుగులో ఎత్తి చూసేది. పిల్లలు వీధిలోంచి మోసుకొచ్చిన మాటల్ని కూడా గుమ్మం దగ్గరే ఆపి ఒకసారి జల్లించేది. పిల్లవాడు దగ్గితే ఆవిడ వీపు నిటారయ్యేది. కూతురు ఒక ముద్ద తక్కువ తింటే ఆ పూట ఆవిడ అసలు తినేది కాదు.

"వెన్నెలని కూడా జల్లెడ పట్టి గానీ పిల్లల మీద పడనివ్వదమ్మా ఈవిడ" అనేది పక్కింటి పిన్ని. పిన్నికి ఒక నీలం చీర ఉంది. మేడ నీలం. ఆ చీర కట్టిన రోజున ఆవిడ నడకే వేరు. జల్లెడమ్మ ఆ చీర వంక చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేది. అది అసూయ అని పిన్ని అనుకునేది, సంతోషించేది.

ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం జల్లెడమ్మ పక్కబట్టలు ఎండలో వేసింది. కూతురి పక్క ఎత్తుతుంటే అడుగున పరిచే బొంత మడతలో చేతికి ఏదో తగిలింది. గట్టిగా, గుండ్రంగా, కందిగింజంత.

అది అమ్మ బొంత. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. పిండినీ నీళ్ళనీ మాటల్నీ జల్లించిన మనిషి, ఆ బొంతని మాత్రం ఎన్నడూ దులపలేదు. దులిపితే అమ్మ వాసన పోతుందని.

మడత విప్పింది. చుట్టం అటు తిరిగి పడుకుని ఉన్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని సన్నగా గురక పెడుతున్నాడు. చిన్నది రోజూ తల పెట్టుకునే చోట.

ఆవిడ మొదట చేసిన పని మడతని మెల్లగా మళ్ళీ కప్పడం. తరవాతి పని, మునివేళ్ళ మీద వెనక్కి నడవడం. పుట్టిన పేట ఇంకా కాళ్ళలోనే ఉంది.

గుమ్మం దగ్గర ఆగింది. అమ్మ కూడా ఇలాగే కప్పింది. ఇలాగే నడిచింది. లేపితే ఏమవుతుందో ఆవిడకి తెలీదు. లేపకపోతే ఏమవుతుందో తెలుసు.

వంటింట్లోకి వెళ్ళి కంచుపళ్ళెం, గరిటె తెచ్చింది. చుట్టం చెవి దగ్గర పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క దెబ్బ కొట్టింది.

కళ్ళు తెరిచేసరికి చుట్టం బొంత మీద లేచి కూర్చుని ఉన్నాడు. జుట్టు రేగిపోయి, పెదవి వణుకుతూ, తల్లి కనిపించని పసివాడిలా ఉన్నాడు.

"ఇంకా నా వేళ కాలేదు" అన్నాడు.

"నీ వేళ నాకు తెలుసు. మా అమ్మ దగ్గర చూశాను. ఎవరు పంపారు నిన్ను?"

చుట్టం కళ్ళు నులుముకున్నాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఎవరూ పంపలేదు" అన్నాడు. "పారబోశారు."

జల్లెడమ్మ ఇల్లంతా కలయజూసింది. లక్ష్మి ఎటూ లేచిపోలేదు. బియ్యం కుండ దాని చోట అది ఉంది, దీపం కుంది దాని చోట అది ఉంది, పెరట్లో పిల్లలిద్దరూ ఒక తాటిముంజె కోసం కొట్టుకుంటున్నారు. కందిగింజంత చుట్టం ఎత్తితే చేతికి బరువు కూడా తెలియలేదు. ఇంత తేలికా, అనుకుంది ఆవిడ. ఇంత తేలికైనవాడిని మనం కప్పి, కాపలా కాసి, మనిషంత చేశామా.

కంచు మోతకి పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసింది. సంగతి విని గుండె మీద చెయ్యి వేసుకుంది. తరవాత, అంత కంగారెందుకని, ఉన్నదాన్ని ఉన్నట్టు గోడ అవతల పారేసి చేతులు కడుక్కోమని సలహా ఇచ్చింది.

"గోడ అవతల మీ ఇల్లే కదా పిన్నీ."

"ఇటు కాదే పిచ్చిదానా, అటు."

"అటు కూడా ఎవరో ఒకరి పిల్లలు ఉంటారు."

జల్లెడలు అల్లేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. జల్లించిన నలకని ఇంకొకరి గుమ్మం ముందు పొయ్యకూడదు. జల్లించడం చేతులున్న ఎవరైనా చేస్తారు, జల్లించిన చెత్త ఎక్కడ వేస్తున్నామన్నదాన్ని బట్టే మనిషి అని అమ్మ చెబుతుండేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే చేరాలి. జల్లెడమ్మ తన చేత్తో అల్లిన అతి సన్నని జల్లెడ తీసుకుని, చుట్టాన్ని అందులో కూర్చోబెట్టి, పైన ఇంకో జల్లెడ బోర్లించి, తాడుతో కట్టింది.

పిల్లల్ని పిన్నికి అప్పజెప్పింది. అప్పజెప్పడానికి పట్టిన సేపు ప్రయాణానికి పట్టిందో లేదో. నీళ్ళు కాచాలి, చల్లార్చాలి, చల్లార్చాక వడకట్టాలి, పెద్దవాడికి చెవిలో గాలి పోకూడదు, చిన్నది నిద్రలో దుప్పటి తన్నేస్తుంది, ఎత్తి కప్పాలి, మొహం మీద మాత్రం పడకూడదు. వాకిలి దాటాక రెండుసార్లు వెనక్కి వచ్చింది, ఇంకా చెప్పాల్సినవి గుర్తొచ్చి.

"పిల్లల్ని చూడమన్నావా, తోడు పెట్టిన పెరుగు కదలకుండా చూడమన్నావా?" అంది పిన్ని. "నువ్వు వెళ్ళు తల్లీ. నువ్వు వెళ్తేనే వాళ్ళు ఊపిరి పీల్చుకునేది."

ఏరు దాటి, కొండలు దిగి, పేటకీ మేడకీ నడుమ ఉన్న మూడుదారుల దగ్గరికి వచ్చేసరికి జల్లెడమ్మ కాసేపు నిలబడింది. చిన్నప్పుడు ఈ చోటే తన దూడ పోయింది. దారి తప్పి వస్తే చేరదీసి, చేత్తో గడ్డి పెట్టి పెంచుకున్న దూడ. అది తమదని మేడవాళ్ళు వచ్చారు. పేటకీ మేడకీ ఉమ్మడిగా ఒక తీర్పు ఉంది: దూడ ఎవరిదో తేలకపోతే మూడుదారుల దగ్గర వదిలిపెట్టాలి, అది ఏ కొట్టం వైపు నడిస్తే ఆ ఇంటిది, ఆ పైన మారుమాట లేదు. దూడ వాసన చూసుకుంటూ చూసుకుంటూ మేడ కొట్టంలోకి నడిచింది. ఏడుస్తున్న కూతుర్ని సముదాయించి, దూడ మెడలో తాము కట్టిన గంట కూడా విప్పకుండా అమ్మ తిరిగొచ్చింది. మాట అంటే మాటే.

పేటలో అడుగుపెట్టగానే చప్పుడు లేకపోవడం చెవులకి తగిలింది. కొండ ఊళ్ళో ఉండి ఉండి ఆ నిశ్శబ్దం మర్చిపోయింది. ఆవిడ చెప్పుల చప్పుడుకి కిటికీ రెక్కలు మూసుకున్నాయి.

పుట్టింటి గుమ్మంలో అన్న ఎదురొచ్చాడు. మనిషి సంతోషంగానే ఉన్నాడు గానీ గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఒదినె వంటింట్లోంచి వచ్చింది. చిక్కిపోయింది. ఒక చేత్తో గోడ పట్టుకుని నడుస్తోంది. ఇంటి మూల పెద్ద తెర కట్టి ఉంది. తెర కింద నుంచి మనిషి పాదమంత పాదం బయటికి కనిపిస్తోంది.

"అదేమిటన్నయ్యా?"

"ఏదీ?" అన్నాడు అన్న, ఆ పాదానికి అడ్డంగా నిలబడి. "మా ఇంట్లో ఎవరూ లేరే."

ఒదినె నేల చూపులు చూసింది. జల్లెడమ్మ చేతిలోని జల్లెడల కట్టు విప్పి పై జల్లెడ ఎత్తింది. చుట్టం లోపల కాళ్ళు చాపుకుని కూర్చుని, కొత్త చోటు చూస్తున్నాడు.

"మా ఇంట్లో ఉన్నాడు" అంది జల్లెడమ్మ, మామూలు గొంతుతో. "చిన్నదాని పక్కలో. లేపాను. ఏమీ కాలేదు."

ఆ ఇంట్లో మామూలు గొంతు వినబడి ఎన్నేళ్ళయిందో. అన్న చేత్తో నోరు మూసుకున్నాడు, మాట్లాడింది తనే అయినట్టు. ఒదినె మాత్రం జల్లెడ దగ్గరికి వచ్చి వంగి, చాలాసేపు చూసింది.

"మనవాడూ ఒకప్పుడు ఇంతే ఉండేవాడమ్మా" అంది. "నేను కాపురానికి వచ్చిన కొత్తలో. గోరుతో తీసేంత ఉండేవాడు."

"ఇప్పుడు లేపుదామా?"

"ఇంత అయ్యాక లేస్తే ఊరుకుంటాడా?"

"వాడంతట వాడు లేస్తే ఊరుకోడు. మనం లేపితే ఏం చేస్తాడో చూద్దాం. ఎత్తడానికి మాత్రం చాలామంది కావాలి."

చాలామందిని పిలవాలంటే పిలిచే చప్పుడు కావాలి. జల్లెడమ్మ పేట చివర ఉన్న డప్పు తాత దగ్గరికి వెళ్ళింది. తాత డప్పు గోడకి వేలాడుతోంది, సాలెగూడుతో సహా. ఒక్కగానొక్క కొడుకు కోసం, తెర వెనకవాడు లేస్తాడేమోనని తాత ఆ డప్పు ముట్టడం మానేశాడు. కొడుకు పెళ్ళికి కూడా కొట్టలేదు. అయినా తెర వెనకవాడు లేచాడు. కొడుకు లేడు.

జల్లెడలో ఉన్న చుట్టాన్ని తాత తదేకంగా చూశాడు. తన కొడుకుని తీసుకుపోయినవాడు ఒకప్పుడు ఇంతే ఉండి ఉంటాడన్న సంగతి ఆయన మొహంలో నెమ్మదిగా ఇంకింది. కోప్పడతాడేమో అనుకుంది జల్లెడమ్మ. ఆయన లేచి గోడ మీది డప్పు దించాడు. వేలితో తట్టి చూశాడు. చచ్చిన చప్పుడు వచ్చింది.

"వాడకపోతే చర్మం వదులైపోతుంది" అన్నాడు తాత. "మనుషుల్లాగే. గడ్డి తీసుకురా. కాచాలి."

మర్నాడు పొద్దున్నే, పేట నడి వీధిలో, ఎండుగడ్డి మంట వేసి తాత డప్పు కాచాడు. మంట వెలుగుకి కిటికీలు తెరుచుకున్నాయి గానీ తలుపులు తెరుచుకోలేదు. జల్లెడమ్మ వీధి మధ్య నిలబడి, అందరికీ కనిపించేలా జల్లెడ ఎత్తి పట్టుకుని, నిన్న ఇంట్లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. మా ఇంట్లో ఉన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆడపిల్ల తల్లి అయ్యుండి వీధిలో ఆ మాట అన్నదేమిటని ఎవరో గొణిగారు. అప్పుడు ఒదినె గోడ వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "మా ఇంట్లోనూ ఉన్నాడు" అంది. తరవాత ఎదురింట్లోంచి ఒక ముసలావిడ, విసుగ్గా, "మా ఇంట్లో ఇద్దరమ్మా" అంది, పొయ్యి మీద పాలు పొంగాయని చెప్పినట్టు. ఆ ఇద్దరన్న మాటకి వీధిలో ఒకరెవరో నవ్వారు. నవ్విన చప్పుడుకి అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ తరవాత ఇక ఆగలేదు. మా ఇంట్లో, మా ఇంట్లో, మా గాదె వెనక, మా పెద్దాడి మంచం కింద. పక్క పక్క ఇళ్ళవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరతరాలుగా ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ తెర కట్టుకుని బతికారు.

తాత డప్పు ఎత్తి మొదటి దెబ్బ వేశాడు.

ఆ చప్పుడు వీధి పొడుగునా పాకింది. గరిటెలకి చుట్టిన గుడ్డలు విప్పి పళ్ళేలు కొట్టారు, బిందెలు కొట్టారు, రోకళ్ళు నేలకేసి మోదారు. తెరలు లాగేశారు. చిన్న చుట్టాలు గుక్కపెట్టి ఏడ్చారు. ఎవరికి దొరికినవాళ్ళని వాళ్ళు జల్లెడల్లో, చేటల్లో, గంపల్లో ఎత్తుకున్నారు. మధ్యరకం వాళ్ళని భుజాన వేసుకున్నారు. లేపిన ఏ ఇంట్లోనూ లక్ష్మి వెళ్ళిపోలేదు. తెర తీసిన మూలల్లో మాత్రం, ఎన్నడూ ఎండ తగలని నేల కనిపించింది.

అన్న ఇంట్లోవాడు డప్పుకి కళ్ళు తెరిచాడు గానీ కదల్లేదు. వాడి పిడికిట్లో ఒదినె కొంగు ఉంది. ఎప్పుడు పట్టుకున్నాడో ఎవరికీ తెలీదు. వీధిలోని బలమైనవాళ్ళంతా కలిసి ఎత్తినా, కొంగుతో పాటు ఒదినె కూడా వాడి వెంట జరిగింది. పిడికిలి విప్పడానికి అన్న చెయ్యని ప్రయత్నం లేదు.

ఒదినె కాసేపు తన కొంగు వంక చూసుకుంది. పెళ్ళినాటి చీర అది. తరవాత కత్తిపీట అడిగింది.

తెగిన కొంగు వాడి చేతిలోనే ఉండిపోయింది. ఒదినె మిగిలిన చీర చుట్టూ తిప్పి నడుముకి బిగించుకుని, గోడ పట్టుకోకుండా నిలబడింది.

"పోతే కొంగు పోయింది" అంది. "పదండి."

రెండు ఇళ్ళల్లో మాత్రం ఆలస్యమైపోయింది, చుట్టం అప్పటికే మనిషిని తీసుకుని గుమ్మం దాటేశాడు. ఆ ఇళ్ళవాళ్ళు కూడా ఖాళీ చేటలు పట్టుకుని అందరి వెంటా నడిచారు. డప్పు తాత ముందు నడిచాడు.

ఇంత మోత విని మేడ దొర మెట్ల మీదికి వచ్చాడు. పక్కన మేడ పండితుడు, ఆయన గొడుగు. ఈ పండితుడు ఏడాదికోసారి పేటకి దిగి, నీళ్ళలో ఏ దోషమూ లేదని అభయం ఇచ్చి వెళ్ళేవాడు.

"ఏమిటీ గోల?" అన్నాడు దొర.

"మీవాళ్ళని దిగబెట్టడానికి వచ్చాం దొరా" అంది జల్లెడమ్మ.

దొర గంపలవంకా చేటలవంకా చూశాడు. వీళ్ళని తాను ఎన్నడూ చూడలేదన్నాడు. అది నిజమే. పండితుడు గొంతు సవరించుకుని, ఎప్పుడో తాతల నాడు వచ్చినవాడు ఇప్పుడు లేస్తే, వాడు ఫలానా చోటి నుంచే వచ్చాడని ఎలా చెబుతారని అడిగాడు. ఈ మధ్యలో పేటవాళ్ళు ఎన్ని తిన్నారో, ఎన్ని తాగారో, ఎన్ని పొగచుట్టలు కాల్చారో. పైగా వంశంలో దోషాలుంటాయి. చుట్టాల మొహాన మేడ ముద్ర ఏమైనా ఉందా?

"అయ్యా" అన్నాడు డప్పు తాత, "తమరు తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి తెప్పిస్తారు?"

మేడకి నీళ్ళు కొండ పైనుంచి వచ్చేవి. అది అందరికీ తెలుసు. పండితుడు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

దొర మాత్రం నవ్వాడు. వాదనలో తాను ఎప్పుడూ ఓడిపోలేదు. జల్లెడమ్మ వాదించలేదు.

"తేలని దూడకి మన దగ్గర ఒక తీర్పు ఉంది కదా దొరా" అంది. "నా దూడ మీ కొట్టంలోకి నడిచినప్పుడు మా అమ్మ మారుమాట్లాడలేదు. మెళ్ళో గంట కూడా విప్పుకోలేదు."

దొర పండితుడి వంక చూశాడు. ఇన్నేళ్ళు ఎక్కడో పడుకున్నవాళ్ళకి దారి ఏం గుర్తుంటుందని పండితుడు భరోసాగా తలాడించాడు. ఆ పండితుడి మాటలు పేట నమ్మినదానికంటే దొరే ఎక్కువ నమ్మాడు.

"వదలండి" అన్నాడు దొర.

వెనక్కి వచ్చి మూడుదారుల దగ్గర గంపలు దించారు. మొదట జల్లెడమ్మ తన జల్లెడ నేల మీద పెట్టింది. కందిగింజంత చుట్టం అంచు దాటి దిగాడు. అటూ ఇటూ చూశాడు. రెండడుగులు పేట వైపు వేశాడు.

కొండ ఊళ్ళో, అమ్మ బొంత మీద, రేపటి రోజుల్లో పడుకోబోయే చిన్నదాని తల జల్లెడమ్మ కళ్ళ ముందు ఆడింది.

చుట్టం ఆగాడు. ముక్కు పైకెత్తి గాలి వాసన చూశాడు. కాగుతున్న రంగు వాసన. గిరుక్కున తిరిగి, పొద్దుగూకాక కొట్టానికి పరిగెత్తే దూడలా మేడ వైపు పరుగెత్తాడు. దొర కాళ్ళ మధ్య నుంచే మెట్లెక్కాడు, లోపలికి పోయాడు, గంగాళం అంచు ఎక్కాడు, లోపల ముడుచుకు పడుకున్నాడు. వాడి వెనకే చిన్నవాళ్ళంతా. వాళ్ళ వెనక మధ్యరకంవాళ్ళు, తోసుకుంటూ. తలుపులు వెయ్యమని దొర కేకేశాడు. అప్పటికే గుమ్మంలో అన్న ఇంటివాడు నిలబడి ఉన్నాడు, చేతిలో తెగిన కొంగుతో, ద్వారబంధమంత ఎత్తుగా.

"ఇంటికొచ్చేశాం నాన్నా" అన్నాడు వాడు దొరతో. "పక్క ఎక్కడ వేశావు?"

ఆ రోజు పేట డప్పు సాయంత్రం దాకా ఆగలేదు. మునివేళ్ళ మీద నడిచి నడిచి మడమలు మెత్తబడ్డవాళ్ళు, ఆ మడమలు నేలకేసి కొట్టి ఆడారు. పొక్కులు లేచాయి. ఎవరూ లెక్కచెయ్యలేదు. ఒక ఇంటి పెరట్లో కోడి కూసింది, వేళ కాని వేళ.

మేడ మాట ఇప్పుడు చెప్పాలి. ప్రతి గంగాళంలోనూ ఒకడు పడుకుని ఉంటే రంగు కాచేదెలా? మంట పెడితే లేస్తాడు. కలియబెడితే లేస్తాడు. మేడలో అందరూ మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నారు. దొర దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గేవాడట. కాలువ ఒక్క రోజులో తేటపడలేదు. ఎన్నో వానలు పడ్డాక, ఎంతో మడ్డిని పేటవాళ్ళు తవ్వి మోసుకెళ్ళి మేడ గుమ్మంలోనే పోశాక, అడుగున ఇసక కనిపించింది. అప్పటికీ ప్రతి రుతువు మారినప్పుడూ పేటలో ప్రతి ఇల్లూ మూలలన్నీ దులిపి పళ్ళెం కొట్టి చూసుకునేది. ఎవరూ లేని ఇల్లు కూడా.

జల్లెడమ్మ కొండ ఊరికి తిరిగొచ్చేసరికి పిల్లలు ఒళ్ళు చేసి ఉన్నారు. ఆవిడ వాళ్ళ చెవులు, గోళ్ళు, నాలుకలు అన్నీ తిప్పి తిప్పి చూసుకుంది.

"నీ పిల్లలు నా ప్రాణం తోడేశారు" అంది పిన్ని. "నీళ్ళు తాగబోతే, కాచావా అమ్మమ్మా, చల్లార్చావా అమ్మమ్మా అని వాళ్ళే నన్ను జల్లెడ పట్టారు."

జల్లెడమ్మ మేడ సంగతంతా చెప్పింది. నీలం చీర సంగతి మాత్రం ఎత్తలేదు. పిన్ని వింటున్నంతసేపూ కొంగు అంచుని వేళ్ళతో తడుముతూనే ఉంది.

వానలు వెళ్ళిపోయి ఎండ మొదలైన రోజున, జల్లెడమ్మ పక్కబట్టలన్నీ బయట వేసింది. అమ్మ బొంతని ఈసారి బాగా దులిపింది. అమ్మ వాసన పోలేదు. చిన్నది కంచుపళ్ళెం, గరిటె పట్టుకుని మూల మూలా తిరిగి కొట్టింది, దానికి అదొక ఆట. ప్రతి మూలా ఆగి వింది. చివరికి వాకిట్లోకి వచ్చి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అంది.

"ఎవరూ లేరమ్మా."

"ఇంకోసారి కొట్టు" అంది తల్లి.

చిన్నది కొట్టబోయి ఆగింది. గోడ అవతల, పక్కింటి లోపలి గదిలోంచి, ఇంకో పళ్ళెం మోగింది. మొదట మెత్తగా, గరిటెకి గుడ్డ చుట్టినట్టు. తరవాత ఎవరో ఆ గుడ్డ విప్పేశారు.